99 పైసల భూమి: కోర్టులో ధర మీద కొట్టాలా, పద్ధతి మీదా?

గెట్టురాయి: విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని 2025లో మంత్రివర్గం నిర్ణయించినప్పటి నుంచీ ఎక్కడ చూసినా ఒకటే మాట: మార్కెట్ ధరకు ఇవ్వలేదు కాబట్టి కొట్టేయించొచ్చని. ధర ఒక్కటే పట్టుకుని పిల్ వేస్తే నిలవడం కష్టం. ప్రకృతి వనరులకు వేలం తప్పనిసరి కాదని 2012 రాష్ట్రపతి రిఫరెన్స్‌లో (రాష్ట్రపతి సలహా అడిగితే ఇచ్చిన అభిప్రాయంలో) సుప్రీంకోర్టు తేల్చేసింది.

పాతజీవో: సగమే చెప్పారు. సామాజిక ప్రయోజనం లేకుండా, పోటీ పెట్టకుండా, లాభం కోసం నడిచే ప్రైవేటు సంస్థకు కట్టబెడితే సమానత్వ హక్కు చెప్పే ఆర్టికల్ 14కు దొరికిపోతారనీ అందులోనే ఉంది. 2011లో భోపాల్‌లో ఓ ట్రస్టుకిచ్చిన 20 ఎకరాల కేటాయింపు రద్దయింది కదా!

గెట్టురాయి: ప్రకటన ఇవ్వకుండా దరఖాస్తు మీదే ఇచ్చేశారని రద్దయింది. అంటే పద్ధతే. పారిశ్రామిక విధానం ముందే ఉండి, ఉద్యోగాల సంఖ్య, నిర్మాణ గడువు, వెనక్కి తీసుకునే షరతు జీవోలో ఉంటే సర్కారు లాయరు పని తేలిక. అందుకే ముందు సమాచార హక్కు కింద నోట్ ఫైలు (అధికారుల అభిప్రాయాలు రాసుండే ఫైలు) తీయండి. ఆర్థిక శాఖ పెట్టిన అభ్యంతరానికి జవాబు రాయకుండానే ఫైలు పైకి వెళ్లిందనుకోండి, కేసుకు అంతకన్నా బలం ఉండదు.

సర్వేనంబరు: అసలు భూమి ఏ రకమో ఇద్దరూ అడగట్లేదేమండీ? ఐదేళ్లు ఖాళీగా ఉంటే వెనక్కివ్వాలనే 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 101 సేకరించిన భూమికే. పోరంబోకుకు అది పెట్టి పిటిషన్ వేస్తే నవ్విపోతారు. సేకరించినదైనా రైతుకే వస్తుందనుకోవద్దు, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకూ పోవచ్చు. ఇక పశ్చిమ బెంగాల్లో టాటా కార్ల ఫ్యాక్టరీకి భూమి సేకరించిన సింగూరు కేసు. 2016 ఆగస్టు 31 తీర్పులో ఒక జడ్జి ప్రజా ప్రయోజనమే లేదన్నారు, ఇంకొకరు ఉందన్నారు. 5ఏ విచారణ (పాత భూసేకరణ చట్టం కింద రైతుల అభ్యంతరాలు వినడం) సరిగ్గా జరగలేదనే దగ్గర ఇద్దరూ కలిశారు, దాదాపు వెయ్యి ఎకరాలు రైతులకు తిరిగొచ్చాయి.

పాతజీవో: దానికి పదేళ్లు పట్టింది. ఇప్పటి పిల్స్ ఎక్కువగా చచ్చేది ఆలస్యంతోనే. లీజు డీడ్ రిజిస్టరై, పునాదులు లేచాక వెళ్తే స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టే ఉంచాలనే ఉత్తర్వు) కూడా దొరకదు. భూమి పొందిన కంపెనీని ప్రతివాదిగా చేర్చకపోవడం ఇంకో తప్పు, దాని మాట వినకుండా కేటాయింపు రద్దు చేయరు. అయినా ధరను నేను వదలను. అదే పారిశ్రామిక పార్కులో, అదే ఏడాది, భూములిచ్చే అదే ప్రభుత్వ కార్పొరేషన్ ఇంకో సంస్థకు ఎకరా ఎంతకిచ్చిందో ఆ ఉత్తర్వు జత చేయండి. అప్పుడు ధరే వివక్షకు సాక్ష్యం.

గెట్టురాయి: ఉత్తర్వుంటే ఒప్పుకుంటా. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ పట్టిక తెచ్చి చూపిస్తే మాత్రం కాదు.