లువార్ లోయలో మూడు రోజుల గ్రావెల్ రైడ్: వీ47 పట్టుకుని పోతే చాలా?

పారిస్‌శివారు:

అందరికీ నమస్తే. నేనూ మా ఆవిడా పారిస్‌కి దక్షిణాన శివారులో ఉంటాం. కిందటేడు ఆగస్టులో బ్లువా నుంచి సోమ్యూర్ దాకా పెద్ద లువార్ ఒడ్డున ఉన్న సైకిల్ దారి మీద వెళ్ళాం. కోటలు, నది అన్నీ బాగున్నాయి కానీ దారి చాలావరకు తారు, లేదంటే నున్నగా చదును చేసిన బాట, పైగా ఆంబువాజ్ దగ్గర జనం తిరనాళ్ళలా ఉన్నారు. ఇప్పుడు ఇద్దరం గ్రావెల్ సైకిళ్ళు కొనుక్కున్నాం, 40 మిల్లీమీటర్ల టైర్లు. మే నెలలో మూడు రోజులు సెలవు దొరికింది. మట్టి బాట, కంకర బాట కావాలి, అలాగని ఆల్ప్స్ లాంటి కొండలు వద్దు. మా ఆవిడకి గంటసేపు ఎక్కుతూనే ఉండాలంటే మోకాలు నొప్పి వస్తుంది.

ఆఫీసులో ఒకాయన ఇంకో చిన్న లువార్ ఉంది, అక్కడికి వెళ్ళండి అన్నాడు. మ్యాప్ తీస్తే వీ47 అని సైకిల్ దారి కనపడింది. దాన్నే పట్టుకుని పోతే సరిపోతుందా? రైల్లో సైకిల్ ఎలా తీసుకెళ్ళాలి? మా ఆవిడ గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు, అక్కడి పల్లెల్లో ఏం దొరుకుతుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కంకరబాట:

అన్నా, మీ ఆఫీసాయన మంచి మాట చెప్పాడు. ఆ చిన్న లువార్ మీద నాలుగుసార్లు తిరిగాను, ఇంకా వెళ్తాను. ముందు పేరు సంగతి తేల్చుకోండి. రెండు నదుల పేర్లూ పలకడం ఒకటే, రాసేటప్పుడు చివర ఒక్క అక్షరం తేడా. ఫ్రెంచివాళ్ళు పెద్దదాన్ని ఆడపేరుగా, చిన్నదాన్ని మగపేరుగా అంటారు. చిన్నది సుమారు 320 కిలోమీటర్లు పారి ఆంజేకి కాస్త పైన సార్త్ నదిలో కలుస్తుంది, ఆ నీళ్ళే చివరికి పెద్ద లువార్‌లోకి చేరతాయి. గది బుక్ చేసేటప్పుడు, రూట్ ఫైలు దించుకునేటప్పుడు ఏ లువారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక అసలు విషయం. వీ47నే నమ్ముకుంటే మీకు గ్రావెల్ దొరకదు. అది చక్కటి దారే, కానీ చాలావరకు కార్లు పెద్దగా తిరగని సన్న తారు రోడ్లు. మట్టి బాటలన్నీ నదికి రెండు పక్కలా ఉన్న వాలుల మీద, వాటి పైనున్న మెట్ట మీద ఉంటాయి. నది నుంచి పైకెక్కి, పొలాల మధ్య బండి బాట మీద నాలుగైదు కిలోమీటర్లు పోయి, మళ్ళీ ఇంకో ఊరి దగ్గర నదికి దిగాలి. రోజంతా ఇలాగే కుట్టు వేసినట్టు పోవడమే ఈ లోయలో అందం. ఒక్కో ఎక్కుడు 60, 70 మీటర్ల ఎత్తే, పది నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే చాలాసార్లు వస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నదీలోయే కదా అనుకుని బయల్దేరాను, సాయంత్రానికి మీటర్లో ఎక్కిన ఎత్తు 700 దాటింది.

బాటలు వెతకడానికి ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ 1:25,000 మ్యాప్ చూడండి, వాళ్ళ వెబ్‌సైటులో ఉచితం. ఒక గీత, రెండు గీతలు, చుక్కల గీతలు అన్నీ విడివిడిగా చూపిస్తుంది. జీఆర్ 35 అని నడిచేవాళ్ళ దారి ఎరుపు తెలుపు గుర్తులతో ఈ లోయ వెంటే పోతుంది, దాంట్లో ముక్కలు బాగా పనికొస్తాయి. నడిచేవాళ్ళు ఎదురైతే ఆగి దారివ్వండి.

మొదటి రోజు వాందోమ్‌లో మొదలుపెట్టి లె రోష్-లెవెక్, లావర్దాఁ, మోంతువార్, త్రో మీదుగా లా షార్త్ర్ దాకా పోండి. అటూ ఇటూ ఎక్కి దిగుతూ పోతే 60 కిలోమీటర్ల పైనే అవుతుంది. లె రోష్‌లో ఊరు కొండకీ నదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, ఇళ్ళు సగం రాతిలోనే. ఇక్కడి తెల్ల సున్నపురాయి మెత్తగా ఉంటుంది, ఇళ్ళు కట్టుకోవడానికి దాన్ని తవ్వి తీశారు, తవ్వగా మిగిలిన గుహల్లో మళ్ళీ జనం కాపురాలు పెట్టారు. త్రోలో అయితే పై బాట మీద పోతుంటే గడ్డిలోంచి ఒక పొగగొట్టం లేచి ఉంది, పొగ వస్తోంది. మనం ఎవరింటి నెత్తి మీదో నిలబడి ఉన్నామని అప్పుడు తెలిసింది. అక్కడే 45 మీటర్ల లోతు బావి ఒకటుంది, మాట్లాడే బావి అంటారు. వంగి "అమ్మా" అని పిలిచాను, ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత కింద నుంచి నా గొంతే నాకంటే స్పష్టంగా పైకి వచ్చింది. సైకిల్ దిగి తప్పకుండా చూడండి.

రెండో రోజు లా షార్త్ర్ నుంచి ఉత్తరానికి ఎక్కి బెర్సే అడవిలోకి. 5,400 హెక్టార్ల ఓక్ అడవి, నిట్టనిలువు చెట్లు, కొన్నిటికి 300 ఏళ్ళ పైనే. 2019లో నోత్ర్ దామ్ చర్చి కాలిపోయింది కదా, దాని శిఖరం మళ్ళీ కట్టడానికి 2021లో ఈ అడవి నుంచి కూడా ఓక్ చెట్లు కొట్టారు. అడవి బాటలు గట్టి కంకర, నీడ, కార్లు లేవు. మీ 40 టైర్లకి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. జ్యుపీయ్ ఊరి మీదుగా షాతో-ద్యు-లువార్‌కి దిగి అక్కడ పడుకోండి. ఆ ఊరు ఇప్పుడు మోంవాల్-స్యుర్-లువార్ అనే కొత్త పేరు కింద కలిసిపోయింది, మ్యాప్‌లో ఆ పేరు కనపడితే కంగారు పడకండి, స్టేషన్‌కి మాత్రం పాత పేరే.

తూర్‌నుంచి:

పైన చెప్పింది అక్షరాలా నిజం, ఒక్కటి కలుపుతాను. మెట్ట మీద బంకమట్టిలో చెకుముకి రాళ్ళు ఉంటాయి. చూడ్డానికి మామూలు గోధుమరంగు రాయి, పగిలిన అంచు మాత్రం బ్లేడే. జానియేర్ ద్రాక్షతోటల పైబాటలో దిగుతుంటే నా వెనక టైరు పక్కగోడ వేలెడంత తెగింది. నాది ట్యూబ్ లేని టైరు, చిల్లులు పూడ్చడానికి లోపల పోసే ద్రవం బుసబుసమని అంతా కారిపోయింది, చిల్లులో దూర్చే రబ్బరు పురి పెట్టినా నిలవలేదు. లోపల టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క అడ్డుపెట్టి, ట్యూబు వేసి, గాలి తక్కువ కొట్టుకుని రుయ్యే అనే ఊరి దాకా మెల్లగా వచ్చాను. కాబట్టి ట్యూబ్‌లెస్ ఉన్నా సరే ఒక్కొక్కరు ఒక ట్యూబు, లోపల పెట్టడానికి గట్టి ముక్క, పంపు ఉంచుకోండి. దారిలో సైకిల్ షాపులు తక్కువ.

వాన పడ్డ మర్నాడు మెట్ట మీది పొలం బాటలు వదిలెయ్యండి. ఆ మట్టి చక్రానికీ ఫ్రేముకీ మధ్య ముద్దలా పట్టుకుంటుంది, చక్రం తిరగదు, పుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి. అలాంటి రోజు బెర్సే అడవి కంకర, లేదంటే వీ47 తారు, ఈ రెండే.

ఇంకో మాట, ద్రాక్ష వరుసల మధ్యకి సైకిల్ తిప్పకండి, తోట పక్క బాట మీదే పోండి. అవి వాళ్ళ పొలాలు. జానియేర్ దక్షిణానికి తిరిగిన ఒకే ఒక సన్నని వాలు, పంటంతా తెల్ల ద్రాక్ష, షెనాఁ రకం. మన మిరప తోటలో ఎవరైనా సైకిల్ తొక్కితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పారిస్‌శివారు:

ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఎక్కుళ్ళు చిన్నవే అయినా చాలా ఉన్నాయంటే మా ఆవిడ కొంచెం టెన్షన్ పడుతోంది. రైలు, తిండి సంగతి కూడా ఎవరైనా చెప్తారా? మూడో రోజు లా ఫ్లేష్ దాకా పోయి అక్కడ రైలెక్కాలని మా ఆలోచన.

నిదానంగా:

లా ఫ్లేష్‌లో రైలు లేదండీ! అక్కడ ప్యాసింజర్ రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. అక్కడి దాకా వెళ్తే ఇంకో రోజు తీసుకుని ఆంజే దాకా తొక్కాలి. మూడు రోజులే ఉంటే మూడో రోజు సామాను గదిలో వదిలేసి ల్యూద్ అనే ఊరి వైపు వెళ్ళి, అక్కడి కోట చూసి తిరిగొచ్చి షాతో-ద్యు-లువార్‌లోనే రైలెక్కండి. తూర్, లె మాన్ నగరాల మధ్య తిరిగే టీఈఆర్ (ప్రాంతీయ రైలు) అక్కడ ఆగుతుంది, సైకిల్ అలాగే ఎక్కించవచ్చు. వెళ్ళేటప్పుడు పారిస్‌లో మోంపార్నాస్ స్టేషన్ నుంచి వాందోమ్‌కి టీజీవీ (హైస్పీడ్ రైలు) ముక్కాలు గంటే, కానీ ఆ స్టేషన్ ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, ఆగే రైళ్ళు కూడా రోజుకి కొన్నే. టికెట్ తీసేటప్పుడే ఆ రైల్లో సైకిల్‌కి చోటు ఉందో లేదో చూడండి, లేకపోతే చక్రాలు విప్పి సంచిలో పెట్టాలి. నేనైతే పారిస్‌లోనే ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి షాతోదఁ ఊరి మీదుగా వచ్చే మామూలు రైలే ఎక్కుతాను. ఆలస్యమే, కానీ ఊళ్ళోనే దిగుతాం.

మోకాలి సంగతి నాకు బాగా తెలుసు, నాకూ అదే బాధ. మీ ఆవిడ సైకిల్‌కి ముందు చిన్న పళ్ళచక్రంలో పళ్ళు ఎన్ని, వెనక అన్నిటికన్నా పెద్దదానిలో ఎన్ని, లెక్కపెట్టండి. వెనకవి ముందువాటి కన్నా ఎక్కువుంటే ఈ వాలులు కూర్చునే ఎక్కేయచ్చు. తక్కువుంటే వెళ్ళేలోపు వెనక క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) మార్పించండి, గేర్ మార్చే భాగం దానికి సరిపోతుందో లేదో మెకానిక్‌ని అడిగి. నేను మార్పించాక లావర్దాఁ పైకి ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కాను. ఎక్కుడు చివర దిగి నడిచినా తప్పేం లేదు, రెండు వందల మీటర్లు నడిస్తే ఏమైపోతుంది.

తిండికి పొద్దున్నే బేకరీ పట్టుకోండి. చాలా పల్లెల్లో సోమవారం మూత, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ ఉండదు. హోటల్లో భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. ఆమ్లెట్, మేకపాల జున్ను వేసిన సలాడ్ ఎక్కడైనా దొరుకుతాయి. ఈ వైపు ఫువే అని చిన్న రొట్టెలుంటాయి, కట్టెల పొయ్యిలో పెట్టగానే అచ్చం పుల్కాలా పొంగుతాయి. పొట్ట చీల్చి వెన్నో, ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలో పెట్టించుకోండి. రియెట్ పెడతామంటే వద్దనండి, అది పందిమాంసం. నేను మొదటి రోజుకి మాత్రం పులిహోర కట్టుకుని వెళ్తాను, మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది.

నీళ్ళకి ఊరి శ్మశానంలో కొళాయి ఉంటుంది, ఇక్కడ సైకిల్ వాళ్ళందరూ అక్కడే పట్టుకుంటారు. తాగకూడదని బోర్డు ఉంటే మాత్రం వద్దు. బెర్సేలో గడ్డిలో కూర్చుంటే సాయంత్రం కాళ్ళు, మోకాళ్ళ వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి, మే నెలలో ఎక్కువ.

కంకరబాట:

లా ఫ్లేష్ రైలు సంగతి నేను చెప్పడం మర్చిపోయాను, మంచిదైంది మీరు చెప్పారు. అన్నా, మూడో రోజు ల్యూద్‌కి పోయేటప్పుడు దక్షిణపు మెట్ట మీదుగా పోండి, తిరిగొచ్చేటప్పుడు నది పక్క వీ47 పట్టుకోండి. సాయంత్రం అలసిపోయి ఉంటారు, రైలు టైం కూడా ఉంటుంది, అప్పుడు ఆ సన్న తారు రోడ్డు ఎంత హాయో మీకే తెలుస్తుంది. నా రూట్ ఫైలు పంపిస్తాను, మెసేజ్ పెట్టండి. వాన పడితే ఎక్కడ కిందికి దిగిపోవాలో కూడా దాంట్లో గుర్తు పెట్టాను.