పాత పాటకి హౌస్ బీట్ వేస్తే చరణంలో జారిపోతోంది, ఎలా సరిచేయాలి?

పాలకొల్లు కుర్రోడు:
నమస్కారమండి. వచ్చే నెల మా మావయ్య కూతురి పెళ్లి, రావులపాలెం దగ్గర. ముందురోజు రాత్రి పందిట్లో వేయడానికి అమ్మమ్మకి బాగా ఇష్టమైన డెబ్బైల నాటి పాటొకటి హౌస్ (ఒకే నడకలో సాగే డాన్స్ బీట్) రీమిక్స్ చేస్తున్నాను. అసలు పాట 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 దెబ్బలు, దాన్ని 124కి తెచ్చి కింద కిక్ (ప్రతి దెబ్బకీ పడే లావు డ్రమ్ము) పరిచాను. పల్లవి బ్రహ్మాండంగా ఉంది, రెండో చరణానికి వచ్చేసరికి కిక్ ఒకచోట, డోలక్ ఒకచోట పడుతున్నాయి. పైగా గాయని గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. మూడు రాత్రులుగా ఇదే పని. దీని వెనకే ఒక జానపదం కలుపుదామనుకున్నా, దానికైతే కిక్ అసలు కుదరడమే లేదు. పాట పాడుచేశారని అమ్మమ్మ అనుకోకూడదు, అదే నా టెన్షన్.

భీమవరం తబలా:
తమ్ముడూ, జారేది నీ కిక్ కాదు, పాటే. ఆ రోజుల్లో అందరూ ఒకే హాల్లో కూర్చుని కలిపి వాయించేవారు, చెవిలో లయ చెప్పే క్లిక్ ఉండేది కాదు. చరణంలో కాస్త ఊపందుకుంటారు, పల్లవికి తిరిగొచ్చేటప్పుడు కాస్త ఆగుతారు. అందుకని పాటంతటికీ ఒకే బీపీఎం ఇవ్వకు. నాలుగు బార్లకోసారి (బార్ అంటే నాలుగు దెబ్బలు) డోలక్ మొదటి దెబ్బ మీద వార్ప్ మార్కర్, అంటే పాటని అక్కడ బీట్‌కి కట్టే గుర్తు, పెట్టుకుంటూ వెళ్లు, మాట మధ్యలో మాత్రం పెట్టకు, ఊపిరి తీసుకునే చోట పెట్టు.

గొంతు సంగతంటావా, 100 నుంచి 124 అంటే 24 శాతం. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే పిచ్ లాక్ వేయకపోతే శ్రుతి దాదాపు నాలుగు స్వరస్థానాలు పైకి పోతుంది, వేసినా అంత లాగితే గమకాలు నలిగిపోతాయి. 115 దగ్గర ఆపు. హౌస్ అంటే 120 పైనే ఉండాలంటారు గానీ, పాట కోసం అయిదు తగ్గిస్తే పందిట్లో ఎవరి కాళ్లూ ఆగవు.

అమలాపురం డీజే:
జానపదం గురించి నేను చెప్తా. హౌస్ పుట్టింది చికాగోలో. 1970ల చివర్లో అక్కడి వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ డిస్కో పాటల్ని సాగదీసి కలిపి వేసేవాడు, ఆ క్లబ్బు పేరులోంచే హౌస్ అన్న మాట వచ్చిందంటారు. డిస్కో ముందే చతురశ్రం, నాలుగేసిగా నడిచే లయ, కిక్ దానంతటదే కూర్చుంది. నీ జానపదం డప్పు వరస తిశ్రం, మూడేసిగా నడిచే లయ, తకిట తకిట. హౌస్‌లో హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) రెండు కిక్‌లకి నట్టనడుమ పడుతుంది, అంటే సరిగ్గా 'కి'కీ 'ట'కీ మధ్యన, అందుకే నీకు గులకరాయి తగిలినట్టుంది. కిక్ ప్రతి 'త' మీద ఉంచి, హ్యాట్‌ని 'ట' మీదకి జరిపి చూడు.

ఇంకోటి, పియానో కార్డ్స్ వేసేముందు ఆలోచించు. పాటలో లేని స్వరం ఒక్కటి తగిలినా అమ్మమ్మ పట్టేస్తుంది. ముందు బేస్‌లో స, ప మాత్రమే వెయ్యి.

రాజోలు ఆంటీ:
నాకు బీపీఎంలు తెలియవు బాబూ, వినేదాన్నే. చరణం కోసెయ్యకు. మొన్న సంక్రాంతికి మా వీధి చివర పాత పాటే రీమిక్స్ వేశారు, మా అమ్మ గుమ్మంలో కూర్చుని పెదాలు కదుపుతూ చరణం కోసం చూస్తోంది, పల్లవి నాలుగుసార్లు తిప్పి వేరే పాటలోకి వెళ్లిపోయారు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. రెండో చరణంలో ఆ దరువు పూర్తిగా తీసేసి, గొంతూ వేణువూ మాత్రం వదిలెయ్యి.

పాలకొల్లు కుర్రోడు:
115కి దించానండి, మార్కర్లు మొత్తం 41 పడ్డాయి. డోలక్, కిక్ ఇప్పుడు ఒకే దెబ్బ. జానపదానికి హ్యాట్ జరపగానే కుదిరిపోయింది, అమలాపురం అన్నకి దణ్ణం. ఆంటీ చెప్పినట్టు రెండో చరణంలో కిక్ ఆపేశా. నిన్న సాయంత్రం వరండాలో వినిపిస్తే అమ్మమ్మ బియ్యంలో రాళ్లేరడం ఆపి, సరిగ్గా అక్కడే గొంతు కలిపింది. ఇంట్రో 32 బార్లు పెట్టాను, ఎక్కువంటారా? పదింటికల్లా మైక్ కట్టేయాలి.

అమలాపురం డీజే:
115లో 32 బార్లంటే నిమిషం దాటిపోతుంది. 16 చాలు, అర నిమిషం. అందులోనూ ఎనిమిదో బార్ దగ్గరే వేణువు బిట్ కాస్త వినిపించనివ్వు, ఏ పాట వస్తోందో పెద్దవాళ్లకి తెలియాలి.