వేరే దేశాల్లోని మా లాయర్లు ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి?

ప్రశ్న:
మా కంపెనీకి ఐదు దేశాల్లో ఆఫీసులున్నాయి. లీగల్‌లో మొత్తం పదకొండు మందిమి. హెడ్ ఆఫీసులో నేనుంటాను. జర్మనీ, ఫ్రాన్స్, ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం అక్కడి బిజినెస్ హెడ్‌కే రిపోర్ట్ చేస్తారు. నాకు పేరుకే డాటెడ్ లైన్, అంటే వాళ్ల మీద నాకు నేరుగా అధికారం లేదు. పోయిన నెల ఒక డిస్ట్రిబ్యూటర్ కాంట్రాక్టులో మన లయబిలిటీకి పరిమితే లేదని సంతకాలయ్యాక తెలిసింది. అక్కడి లాయర్‌ని అడిగితే, "వద్దనే చెప్పానండీ, క్వార్టర్ ముగుస్తోంది పోనివ్వమన్నారు" అని తన మెయిల్ చూపించింది. కోప్పడటానికి నాకు నోరు రాలేదు. ఆవిడ ఇంక్రిమెంట్ రాసేది ఆ బిజినెస్ హెడ్డే మరి. అందరినీ నా కిందికి తెచ్చుకోవాలా?

జవాబు:
తెచ్చుకోండి. అప్రైజల్ రాసేదీ, ఉద్యోగంలోంచి తీసేసేదీ మీరే అయితే చాలు, కూర్చోవడం బిజినెస్ పక్కనే కూర్చోనివ్వండి. మీరు అమెరికాలో లిస్టయి ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కింద వచ్చిన రూల్స్ ప్రకారం, తీవ్రమైన ఉల్లంఘన కనిపిస్తే లాయర్ చీఫ్ లీగల్ ఆఫీసర్‌కి చెప్పాలి. అక్కడ సరైన స్పందన లేకపోతే ఆడిట్ కమిటీ దాకా వెళ్లాలి. బిజినెస్ హెడ్ చేతిలో జీతం ఉన్నవాళ్లు అంత దూరం వెళ్తారా?

ఇంకో జవాబు:
రిపోర్టింగ్ మార్చినా ఆ కాంట్రాక్టు ఆగేది కాదు. సంతకం పెట్టే అధికారం ఎవరిదో చూడండి. మా దగ్గర పరిమితి లేని లయబిలిటీ ఉంటే జనరల్ కౌన్సెల్ (లీగల్ హెడ్) అప్రూవల్ లేకుండా ఈ-సైన్‌కి ఫైలే వెళ్లదు. మొదటి రెండు నెలలూ అందరూ తిట్టుకున్నారు.

మరొకరు:
అవన్నీ సరే, మెయిల్స్ సంగతి చూశారా? అమెరికాలో ఉద్యోగి న్యాయ సలహా కోసం కంపెనీ లాయర్‌తో మాట్లాడినదానికి అప్‌జాన్ తీర్పు (అక్కడి సుప్రీంకోర్టు, 1981) నుంచి ప్రివిలేజ్ ఉంది, అంటే ఆ మాటలు బయటపెట్టమని బలవంతం చెయ్యలేరు. అదే యూరోపియన్ కమిషన్ కాంపిటీషన్ (మార్కెట్లో పోటీని దెబ్బతీశారన్న) దర్యాప్తుకి వస్తే, ఇన్-హౌస్ లాయర్ (కంపెనీలోనే ఉద్యోగం చేసే లాయర్) సలహాకి అది వర్తించదు. ఆక్జో నోబెల్ కేసులో 2010లో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చేసింది: జీతం తీసుకునేవాడికి బయటి లాయర్‌కున్నంత స్వతంత్రత ఉండదని. ఇండియాలోనూ 2025లో సుప్రీంకోర్టు, అడ్వకేట్‌కి ఉండే ప్రివిలేజ్ ఇన్-హౌస్ వాళ్లకి రాదంది. మా పాత బాస్ లంచ్ మీటింగ్ మెయిల్‌కి కూడా పైన 'ప్రివిలేజ్డ్' అని కొట్టేవారు, అదేదో తాయెత్తు అన్నట్టు!

ప్రశ్న అడిగిన నేను:
ముందు సంతకాల పని పట్టుకుంటాను, రిపోర్టింగ్ తర్వాత. మెయిల్స్ అన్నారు కాబట్టి ఇప్పుడే వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ఆ డిస్ట్రిబ్యూటర్ మీద నేను రాసిన మెయిల్లో, అతను ఏ ధరకి అమ్మాలో మనం చెప్పే క్లాజ్ గురించి కూడా నా అభిప్రాయం ఉంది. అదీ కాంపిటీషన్ విషయమే. ఐదు దేశాలవాళ్లూ సీసీలో ఉన్నారు.