ఫాల్కే అగ్గిపుల్లల చిత్రానికి ఆనాటి పత్రికా ప్రకటన ఎక్కడైనా ఉందా?

దాదాసాహెబ్ ఫాల్కే 1915లో తీసిన ‘ఆగ్‌కాడ్యాంచీ మౌజ్’ అనే మూకీ లఘుచిత్రం గురించి ఆరు నెలలుగా వెతుకుతున్నాను. అగ్గిపుల్లలను ఫ్రేము ఫ్రేముకూ కాస్త కాస్త జరుపుతూ తీసిన చిత్రమిది. తెర మీద ఒక్క సెకను ఆటకు, ఆనాటి వేగం లెక్కన, సుమారు 16 సార్లు పుల్లలను కదిపి ఉండాలి. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లోనే అగ్గిపుల్లలతో ఇటువంటి చిత్రం తీశారు.

‘రాజా హరిశ్చంద్ర’, ‘లంకాదహన్’, ‘కాళియమర్దన్’ చిత్రాల భాగాలైనా మిగిలాయి గానీ, ఇది పూర్తిగా పోయినట్టే లెక్క. ఆనాటి ఫిల్ము సులభంగా మండిపోయే, కాలక్రమేణా పాడైపోయే నైట్రేట్ ఫిల్ము కనుక రీలు దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. కాగితపు ఆధారం చాలు.

పేరును మరాఠీలో నాలుగు విధాల వర్ణక్రమాలతోనూ, ఆంగ్లంలో ‘మ్యాచ్‌స్టిక్స్ ఫన్’ అనీ డిజిటల్ గ్రంథాలయాలలో వెతికాను. పాత అచ్చు అక్షరాలను యంత్రం సరిగా చదవలేదేమోనని ఒక మరాఠీ పత్రిక 1915 సంచికలు, దొరికినంతవరకు, పుట పుటా తిరగేశాను; ఫాల్కే పెద్ద చిత్రాల ప్రకటనలు కనిపించాయి గానీ ఇది లేదు. ఒక గ్రంథాలయానికి రెండుసార్లు రాసినా జవాబు రాలేదు. నేను చూసిన పుస్తకాలన్నీ పేరు, సంవత్సరం చెప్పి ఊరుకున్నాయి.

1915–1918 మధ్య బొంబాయి, నాసిక్, పుణె పత్రికలలో ఈ చిత్రాన్ని పేరుతో పేర్కొన్న ప్రకటన గానీ సమీక్ష గానీ మీలో ఎవరైనా స్వయంగా చూసి ఉంటే, అది ఏ పత్రికలో, ఏ తేదీ సంచికలో ఉందో చెప్పగలరా?