బిడ్డ కోసమని మెథోట్రెక్సేట్‌తో పాటు అన్ని మందులూ ఆపేశాను. తప్పు చేశానా?

పొందూరు కోడలు:

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. మూడేళ్ల క్రితం రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచి నొప్పెట్టే జబ్బు) అని తేలింది. పెళ్లయి రెండేళ్లు. ప్రతి ఆదివారం మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, రోజూ రాత్రి హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకునేదాన్ని. వాటితో ఏడాదిగా బాగానే ఉన్నాను. అంతకుముందు పొద్దున్న లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. పాల ప్యాకెట్ పళ్లతో చింపేదాన్ని.

మా అత్త ఖాదీకి నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడకి వచ్చు. పెళ్లయిన కొత్తలో నాకూ నేర్పాలని కూర్చోబెట్టింది. దారం పట్టుకోవాల్సిన వేళ్లే వాచిపోయి ఉండేవి. ఇది ఒట్టి ఒళ్లు నొప్పి కాదని ఆ రోజే ఆవిడకి తెలిసింది. ఇప్పుడు ఆవిడే "ఆ మందులు మానీ అమ్మా, కడుపు పండుతాది" అంటోంది. కోపంతో కాదు, ఆశతో అంటోంది. అందుకే కాదనలేకపోయాను. 22 రోజుల క్రితం అన్నీ ఆపేశాను.

రెండు వారాలకే మణికట్లు వాచాయి. దగ్గర్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే "ఈ జబ్బు పెట్టుకుని పిల్లలెందుకమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు. తిరిగి వస్తుంటే ఆటోలో మా ఆయన ఓదార్పుగా నా చేయి పట్టుకున్నారు. నొప్పి పెడుతోందని కూడా చెప్పలేకపోయాను.

ఎన్నాళ్లు ఆగి ప్రయత్నించాలి? ఈ జబ్బు బిడ్డకి వస్తుందా? అందాకా నొప్పికి మందుల షాపులో ఏదైనా అడిగి వేసుకోవచ్చా?

విజయనగరం అక్క:

చెల్లీ, ముందు ఒక మాట. పిల్లలెందుకు అన్న ఆ మాట మనసులోంచి తీసెయ్. నాకు ఈ జబ్బు వచ్చి తొమ్మిదేళ్లు, మా బాబుకి ఇప్పుడు మూడేళ్లు.

మెథోట్రెక్సేట్ ఆపడం సరైనదే. అది గర్భం పోవడానికి, బిడ్డకి అవయవ లోపాలకి కారణమవుతుంది. ఆపాక కనీసం ఒక నెల ఆగాలంటారు, చాలామంది డాక్టర్లు మూడు నెలలు ఆగమంటారు. నన్ను మూడు నెలలు ఆగమన్నారు. అందాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ఈ 22 రోజుల్లో పడ్డారా? నెల తప్పితే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా పరీక్ష చేసుకుని డాక్టర్‌కి చెప్పు.

తప్పు జరిగింది హైడ్రాక్సీక్లోరోక్విన్ దగ్గర. దాన్ని ఆపక్కర్లేదు, కడుపుతో ఉన్నప్పుడూ వాడతారు, పాలిచ్చేటప్పుడూ వాడతారు. నాకు మెథోట్రెక్సేట్ బదులు సల్ఫాసలజీన్ ఇచ్చారు, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. వాపు మళ్లీ వచ్చినప్పుడు కొద్ది డోసు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. ఇవన్నీ గర్భంలో వాడగలిగినవే. ఈ సంగతి తెలియక మనవాళ్లు మందంటే అన్నీ ఒకటే అనుకుంటారు. అసలు జబ్బు రేగి ఉంటేనే గర్భం రావడం ఆలస్యమవుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. మా డాక్టర్ గారు మందులు మార్చాక జబ్బు ఆరు నెలలు నెమ్మదిగా ఉంటేనే ప్రయత్నించండి అన్నారు. ఆ ఏడాది సిరిమాను పండగకి మా వీధి వాళ్లందరూ "ఇంకా ఏటీ లేదా?" అని అడుగుతుంటే ఇంట్లోకి వెళ్లి ఏడ్చాను. కానీ ఆగినందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను.

నాలుగో నెల నుంచి నొప్పులు బాగా తగ్గాయి. చాలామందికి అలా తగ్గుతాయట, అందరికీ కాదు. ఎవరూ చెప్పనిది కాన్పు తర్వాతి సంగతి. ఏడో వారంలో జబ్బు తిరగబడింది. బాబుని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయాలని ఎంత కోరికో! పీట మీద కూర్చుంటే లేవలేను. మా అమ్మే పోసింది, నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. గుండీల చొక్కాలు పక్కన పెట్టేసి ముడి వేసేవే తొడిగాను. అరచేత్తో ఎత్తలేక మోచేతుల మీద ఎత్తుకునేదాన్ని, కింద దిండు పెట్టుకుని పాలిచ్చేదాన్ని. బాలింతకి మందులేంటని ఇంట్లో గొడవ. డాక్టర్ గారితో ఫోన్లో మాట్లాడించాకే సద్దుమణిగింది. కాబట్టి కాన్పు తర్వాతి మూడు నెలలు ఎవరు తోడుంటారో ఇప్పుడే అనుకోండి. ఇది మందులంత ముఖ్యం.

బిడ్డకి వస్తుందా అని నేనూ అడిగాను. అవకాశం కొంచెం పెరుగుతుంది గానీ ఎక్కువమంది పిల్లలకి రాదు అన్నారు.

పలాస ఫార్మసిస్ట్:

అమ్మా, షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. డైక్లోఫెనాక్ లాంటివి కొందరిలో అండం విడుదలకి అడ్డుపడతాయి, గర్భం వచ్చాక 20 వారాలు దాటితే బిడ్డ కిడ్నీలకి ప్రమాదం. పైగా మాది ఉద్దానం పక్క. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో కళ్లారా చూస్తున్నాం. ఆ మాత్రలు ఊరికే అడిగితే నేను ఇవ్వను. మరీ భరించలేకపోతే పారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన డోసులోనే.

మీరు ఎప్పుడైనా ఈ జబ్బుకే ఇచ్చే లెఫ్లునోమైడ్ అనే మందు వాడారా? పాత చీటీలు తీసి చూడండి. అది ఆపాక కూడా రెండేళ్ల దాకా ఒంట్లో ఉండొచ్చు. డాక్టర్ ఇచ్చే కొలెస్టిరమైన్ పొడి తాగి దాన్ని ఒంట్లోంచి బయటికి పంపి, రక్తపరీక్షలో పోయిందని తేలాకే ప్రయత్నించాలి. యాంటీ రో అనే పరీక్ష కూడా గర్భానికి ముందే చేయించమని అడగండి. అది పాజిటివ్ అయితే కొద్దిమంది బిడ్డల్లో గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది, అందుకని కడుపులో ఉండగానే గుండెని స్కాన్‌లో చూస్తారు.

బొబ్బిలి తమ్ముడు:

అక్కా, నాకూ ఇదే జబ్బు. మగవాళ్లకీ ఇబ్బంది ఉంటుందని చాలామందికి తెలియదు. సల్ఫాసలజీన్ వాడుతుంటే నా వీర్యకణాల సంఖ్య తగ్గింది. ఏడాది పాటు పరీక్షలన్నీ మా ఆవిడకే చేయించాం, పాపం. డాక్టర్ మందు మార్చాక మూడు నెలలకి నా రిపోర్ట్ మామూలుగా వచ్చింది.

పొందూరు కోడలు:

అక్కా, అన్నయ్యా, తమ్ముడూ, మీ మాటలు మా ఆయనకి చదివి వినిపించాను. విశాఖలో నాకు మొదట మందులు రాసిన రుమటాలజిస్ట్ గారికి ఫోన్ చేశాం. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఫోలిక్ యాసిడ్ ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమన్నారు, మెథోట్రెక్సేట్ వద్దన్నారు. నెల తప్పలేదు అక్కా, జాగ్రత్తగానే ఉన్నాం. పాత చీటీలన్నీ వెతికాం, లెఫ్లునోమైడ్ లేదు.

మంగళవారం రైల్లో వెళ్తున్నాం. అత్త తనూ వస్తానంది. డాక్టర్ గారిని తను అడగాల్సినవి ఉన్నాయట. కాన్పయ్యాక బిడ్డకి నీళ్లు ఎవరు పోస్తారంటే, వడుకుతున్న రాట్నం ఆపి "నాను లేనా?" అంది.