నీళ్లు పడ్డయా, ఊరినయా?

మిత్రులారా, మా దేవరకొండ దిక్కు బోరు వేస్తుంటే దారిన పోయే ప్రతివారూ అడిగేది ఒకటే మాట: "నీళ్లు పడ్డయా?" కిందినుంచి పైకొచ్చే నీళ్లు 'పడడం' ఏమిటని మా అమ్మాయి మొన్న అడిగింది. రెండు రోజులుగా అదే ఆలోచన.

ఈ 'పడు' వాన పడడం లాంటిది కాదనుకుంటాను. చేప వలలో పడ్డట్టు, మాట చెవిన పడ్డట్టు, అంటే దొరకడం. మాది నల్లరేగడి కాదు, బండ నేల. బండలో నీళ్లుండేది పగుళ్లలోనే. పగులు తగిలేదాకా తెల్లటి రాతిపొడి లేస్తూనే ఉంటుంది. ఆ పొడి ఒక్కసారిగా తడిసి బురదైతే "పడ్డయి!" అని కేక.

చెలమలో మాత్రం నీళ్లు పడవు, ఊరతాయి. చిన్నప్పుడు డిండి వాగు ఇసుకలో చేతులతో గుంట తీసేవాళ్లం. ముందు ఇసుక నల్లబడేది, తర్వాత అంచుల్లోంచి మట్టినీళ్లు. రెండుసార్లు తోడి పారబోసి కాసేపు ఆగితే తేట నీళ్లు. మామిడికాయ ఊరేదీ, నోరూరేదీ ఈ ధాతువుతోనే. మనం ఉండే ఊరు కూడా దీన్నుంచే పుట్టిందని ఇక్కడ ఒకరు రాశారు. కాదండీ. పాత రాతలో గ్రామం 'ఊరు', నీళ్లది బండి ఱ తో 'ఊఱు'. 'ఏఱు' 'ఏటి' అయినట్టే దీని నామం 'ఊట' అయింది. తమిళంలోనూ ఈ రెండూ వేరువేరు మాటలే.

భూమికి నీళ్లెలా వచ్చాయన్న శాస్త్రవేత్తల చర్చ కూడా ఈ రెండు క్రియల మధ్యే నడుస్తోంది. తోకచుక్కలు, గ్రహశకలాలు తెచ్చి పడేశాయని ఒక వాదం. దాన్ని తేల్చే గుర్తు బరువైన హైడ్రోజన్, డ్యుటీరియం: దాని పాలు ఎక్కడి నీటిలో మన సముద్రంతో సరిపోతే అక్కడినుంచే నీళ్లొచ్చి ఉంటాయని లెక్క. సముద్రపు నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు అది సుమారు 156. 2014లో రోసెట్టా అంతరిక్ష నౌక 67పి తోకచుక్క ఆవిరిలో కొలిస్తే మూడు రెట్లకు పైనే వచ్చింది. గ్రహశకలాలనుంచి రాలిన, కర్బనం ఎక్కువున్న ఉల్కల్లోని నీటి లెక్క మాత్రం మన సముద్రానికి దగ్గరగా ఉంది.

రెండోది, ఊరాయనే వాదం. భూమి ఏ రాళ్లతో కట్టుకుందో ఆ జాతివనుకునే ఎన్‌స్టటైట్ ఉల్కల్లో, సముద్రాలకు మూడు రెట్ల నీటికి సరిపడే హైడ్రోజన్ ఉందని 2020లో తేల్చారు. అంటే నీళ్లు పుట్టుకతోనే రాతిలో ఉండి, అగ్నిపర్వతాల ఆవిరిగా పైకి ఊరి ఉండాలి. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ అనే ఖనిజపు రేణువు, అప్పటికే నేలమీద నీళ్లున్నాయనడానికి ఆనవాలు.

నా మొగ్గు ఊరడం వైపే. కొంత పడి కూడా ఉండొచ్చు.

పాలమూరు దిక్కు "జల పడ్డది" అంటారు కదా. ఆ 'జల' అన్ని నీళ్లకూ వాడతారా, నేలలోపలి పాయకేనా? అక్కడివాళ్లు చెప్పండి.