జర్నల్స్ దొరకవు సరే, మన రోడ్ల లెక్కలు మనకు దొరుకుతున్నాయా?

శేషాచలం_సివిల్:
ఎంటెక్ ప్రాజెక్టుకి తిరుపతి లీలామహల్ సర్కిల్ తీసుకున్నా. బైకులు, ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సందుల్లో దూరే చోట సిగ్నల్ టైమింగ్ ఎలా కట్టాలన్నది విషయం. రవాణా పరిశోధనల జాబితా అయిన అమెరికా వాళ్ల 'ట్రిడ్' డేటాబేస్‌లో వెతకడం ఉచితం, పది లక్షలకు పైగా ఎంట్రీలు. సారాంశం చూసి ఆశపడి నొక్కితే పబ్లిషర్ పేజీ వచ్చి డాలర్లు అడుగుతుంది. జర్నల్స్‌కి దేశమంతటికీ ఒకే చందా కట్టే పథకం, 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టింది, దాదాపు 13,000 జర్నల్స్. కానీ ప్రభుత్వ సంస్థలకే. ఏర్పేడు ఐఐటీలో తెరుచుకునే పేపర్, ఇదే జిల్లాలో ప్రైవేటు కాలేజీలో ఉన్న నాకు తెరుచుకోదు. పేద దేశాలకు జర్నల్స్ ఉచితంగానో చవగ్గానో ఇచ్చే 'రీసెర్చ్‌4లైఫ్' జాబితాలో మన దేశమే లేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2023 నివేదిక చూడండి, రోడ్డు చావుల్లో 92 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. చచ్చేది ఇక్కడ, చదువుకునే వీలు అక్కడ. ఇది అన్యాయం కాదంటారా?

కౌంట్‌షీట్:
అన్యాయమే తమ్ముడూ. కానీ ఆ పేపర్లన్నీ చేతికొస్తే నీ సర్కిల్ లెక్క తేలుతుందా? రోడ్డు ఎన్ని బండ్లను మోయగలదో చెప్పే అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ (హెచ్‌సీఎం) లేన్ పట్టుకుని పోయే బండ్ల మీద కట్టిన లెక్క. మన దగ్గర రెండు లేన్లలో నాలుగు వరుసలు పోతాయి, రెడ్ పడితే బైకులన్నీ ముందుకు దూరి స్టాప్ లైన్ దాటి నిలబడతాయి. అందుకే కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ వాళ్లు ఐఐటీలతో కలిసి మన రోడ్ల మీదే లెక్కించి 2018లో మన దేశపు మాన్యువల్ ఇండో-హెచ్‌సీఎం తెచ్చారు. ముందు అది చదువు. ఇంకోటి, అమెరికా హైవే పరిశోధన కార్యక్రమం ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ రిపోర్టుల పీడీఎఫ్‌లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మనవాళ్లు ఎందరు తెరిచారు?

రిటైర్డ్_ఏఈఈ:
బయటి జర్నల్స్ దాకా ఎందుకు నాయనా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1934 నుంచి ఉంది. రోడ్డేసేది దాని కోడ్ ప్రకారమే, ఆ కోడ్ పుస్తకం మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మా రోజుల్లో ఆఫీసుకి ఒక కాపీ, అది పై ఇంజినీరు ఈఈ గారి బీరువాలో. సైటు మీద ఉన్నవాడు పక్కవాణ్ని అడిగి పని కానిచ్చేవాడు.

పలమనేరు_లారీ:
ఏమప్పా, మీ కాయితాలు చదివితే మొగిలి ఘాట్‌లో దిగే లారీకి బ్రేకులు పడతాయా? 2024 సెప్టెంబర్లో ఆడ బస్సును లారీ గుద్ది ఎంత ఘోరం జరిగిందో చూసినాం గదా.

శేషాచలం_సివిల్:
బ్రేకులు పడకపోయినా బండి ఆగే దారి ఉందన్నా. ఎస్కేప్ ర్యాంప్ అంటారు. రోడ్డు పక్కకు దారి చీల్చి గులకరాళ్లు లోతుగా పోస్తారు. కోసుగా ఉండే కంకర పోస్తే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని గట్టిపడుతుంది, బండి పైనుంచి పోతుంది. గుండ్రటివి, అన్నీ ఒకే సైజువి అయితే చక్రం కింద పక్కకు తొలగి టైరు కూరుకుపోతుంది. మట్టి చేరి బిగుసుకోకుండా అప్పుడప్పుడు తిరగేస్తుండాలి. 1992లోనే దీని మీద ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ సింథసిస్ 178 అనే రిపోర్టు వచ్చింది. అది ఉచితమే, కౌంట్‌షీట్ అన్న మాట అక్కడి వరకూ నిజం. అయితే ర్యాంప్ ఎక్కడ పెట్టాలంటే బ్రేకులు ఏ మలుపు దగ్గర ఫెయిలవుతున్నాయో తెలియాలి.

పలమనేరు_లారీ:
అది మాకు తెల్సప్పా. బ్రేకు లైనర్లు కాగిన వాసన యాడ మొదలయ్యేదీ డ్రైవర్లందరికీ తెల్సు. మమ్మల్ని అడిగినోడే లేడు.

రిటైర్డ్_ఏఈఈ:
అడిగినా ఎఫ్‌ఐఆర్‌లోకి రాదు. రోడ్డు చావు కేసుల్లో పెట్టే సెక్షన్, పాత ఐపీసీ 304ఎ అయినా, ఇప్పటి బీఎన్‌ఎస్ 106 అయినా చూసేది మనిషి నిర్లక్ష్యమే. అందుకే 'అతివేగం, అజాగ్రత్త' అని ఒక్క ముక్కతో సరి. వాలు ఎంత, లైనర్లు ఎలా ఉన్నాయి, ఎవరికి కావాలి? 2021 నుంచి పోలీసులు ప్రమాదాలు నమోదు చేసే ఐరాడ్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తున్నారు, మంచిదే. అవి మనబోటి వాళ్లకు తెరవరు. నన్నడిగితే అసలు తాళం ఇదే, డాలర్లది దీని తర్వాత.

శేషాచలం_సివిల్:
ఒప్పుకోను సార్. ఇండో-హెచ్‌సీఎం తర్వాత జరిగిన పని చాలావరకు మళ్లీ ఆ జర్నల్స్‌లోనే ఉంది, రాసిందీ మనవాళ్లే. మన ప్రొఫెసర్లు మన పన్నుల డబ్బుతో మన రోడ్ల మీద చేసిన పనిని మనమే డాలర్లు పోసి కొనాలి. దాన్ని రెండో మాట అంటే ఎలా? సరే, కౌంట్‌షీట్ అన్నా, తిరుపతి జంక్షన్లలో మీరు తీసిన వాల్యూమ్ కౌంట్లు, అంటే ఎన్ని బండ్లు పోతాయన్న లెక్కలు, మీ దగ్గర ఉంటాయి కదా, ఇక్కడ పెట్టగలరా?

కౌంట్‌షీట్:
పెట్టలేను తమ్ముడూ. క్లయింట్ సొత్తు, అగ్రిమెంట్‌లోనే రాసుంది.

రిటైర్డ్_ఏఈఈ:
క్లయింట్ ఎవరు బాబూ, ప్రభుత్వమేగా? డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) వెనకాల అనెక్చర్లలో ఆ కౌంట్లే ఉంటాయి. ఏ ఆఫీసో చెప్పు చాలు, ఆర్టీఐ అర్జీ నేను రాసిస్తా.